చరియ కింద నడక

తెలంగాణలో నేషనల్ పార్కులు మూడు. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలే: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. గుట్టబాట నడవాలనుకునే జనగామ మనిషి మాత్రం వాటికి ఎదురు దిక్కున బస్సెక్కాలి. పరకాల దాటి, రేగొండ దగ్గర తిరుమలగిరి పక్కకు పోతే పాండవుల గుట్టలు. మానుకోట వాళ్ల గూడూరు అడవిలో జలపాతానికి భీముని పాదమని పేరు. పాండవులు మా వైపంతా బాగానే తిరిగినట్టున్నారు!

జనగామ బండలు చూసి పెరిగిన కంటికి ఇక్కడ మొదట తికమక. మావి నున్నటి గ్రానైటు గుండ్లు. ఇది పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకరాయి, హిమాలయాల కంటే పాతది. మెత్తటి పొర వానకూ గాలికీ అరిగిపోయిన చోట గట్టి పొర ఇంటి చూరులా ముందుకు మిగిలింది. ఆ నీడనే వేల ఏళ్ల కిందటి మనుషులు కూర్చుని బొమ్మలేశారు.

అందుకే, కొస చూడాలన్న యావతో ఎక్కేవాడికి ఈ గుట్ట సగమే దక్కుతుంది. ఎండలోంచి చరియ కిందికి దూరితే ముందు కనబడేది గోడ మీద మరకే. కాసేపు నిలబడాలి. కొమ్ములు తేలతాయి, ఆ తర్వాత వెన్ను. అడవిదున్న! ఆ ఎరుపు మన గోడలకు పూసే జాజు లాంటి మన్నుదే. పురావస్తు లెక్కల్లోకి ఈ బొమ్మలు ఎక్కింది 1990లో. గుట్టకు పాండవుల పేరు పెట్టుకున్న ఊళ్లవాళ్లు అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్నారా మరి?

ఈ గుట్టల్లో తాళ్లు కట్టుకుని బండలెక్కడానికి కూడా జనం వస్తుంటారు. నాకేం అభ్యంతరం లేదు. ఏ పట్టు ఆగుతుందో, ఏది ఊడుతుందో వేళ్లతో తడిమి చూసుకునేవాడికి రాయి మీద గౌరవం ఉంటుంది, బొమ్మ పక్కన తన పేరు రాయడు. రాసేవాళ్లు వేరు. వాళ్లకు చెప్పి లాభం లేదు.

తెలియక చెడగొట్టేవాళ్లకు మాత్రం చెప్పొచ్చు. ఫొటోలో రంగు తేలాలని కొందరు బొమ్మ మీద సీసాలో నీళ్లు చల్లుతారు. తడిసినంతసేపు నిజంగానే మెరుస్తుంది. ఆరాక రాతిలోని లవణాలు పైకొచ్చి తెల్లటి పొర కడతాయి, బొమ్మ ఇంకా మసకబారుతుంది. ఆ నీళ్లేవో తాగడానికి దాచుకోండి, ఎండాకాలం గుట్ట దిగేటప్పుడు పనికొస్తాయి.