రంగమ్మ ఇంటిపేరు

మొన్న కారేపల్లిలో ఇస్త్రీ బట్టలు తెచ్చిన అమ్మాయి నా నవల చదివానంది. డిగ్రీ చదువుతోంది. సంతోషంగా కూర్చోమన్నాను. "బాగుందమ్మా. డాక్టరుగారికి ఇంటిపేరుంది, ప్లీడరుగారికుంది. చాకలి రంగమ్మకే లేదేం?" అంది. జవాబు తోచలేదు. కాఫీ కలపడానికి లోపలికెళ్లాను!

ఆ రాత్రి బి.ఏ.లో విన్న ఇంగ్లీషు పేర్లు గుర్తుకొచ్చాయి. స్మిత్ అంటే కమ్మరి. టైలర్ సంగతి చెప్పనక్కర్లేదు. మన బీరువాల్లో నిఘంటువై కూర్చున్న వెబ్‌స్టర్‌ని చూడండి. చివరి 'స్టర్' పాత ఇంగ్లీషులో ఆడవాళ్ల పనికి చేర్చిన ప్రత్యయం. మొదట్లో వెబ్‌స్టర్ అంటే నేతగత్తె, బాక్స్‌టర్ అంటే రొట్టెలు కాల్చే ఆవిడ. తరువాత మగవాళ్లకూ వాడారు. అదే ఇంటిపేరై తండ్రి నుంచి కొడుక్కి పోయింది. మగ్గం ముందు కూర్చున్నావిడ మరుగున పడింది.

14వ శతాబ్దంలో చాసర్ కూడా బాత్ పట్టణపు ఇల్లాలిని గొప్ప నేతగత్తెని చేశాడు, ఐదుగురు భర్తల్నీ లెక్కపెట్టాడు, ఇంటిపేరు మాత్రం ఇవ్వలేదు. అయితే ఆయన యాత్రికుల్లో చాలామందికి వృత్తే పేరు. డాక్టరుకూ ప్లీడరుకూ ఇంటిపేర్లిచ్చిన నాకు ఆ సాకు కూడా లేదు.

పైగా అక్కడ బ్యాంకులో కూర్చున్న స్మిత్‌ని ఎవరూ సుత్తి పట్టమనరు. మన దగ్గర వృత్తి పేరు కులమై కూర్చుంది. కౌలు భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వని పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకానికి ఆమె చాకలి ఐలమ్మ. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. చిన్నచూపుతో పలికిన మాటనే చదువులగుడి గుమ్మం మీద నిలబెట్టడం గౌరవమే. నేను ఆ మాట రాసింది అందుకు కాదు. ఇంటిపేరు ఆలోచించే శ్రమ తప్పించుకోవడానికి. మన నవలల్లో పనిమనుషులందరికీ మనం చేసింది ఇదే కదూ?

మర్నాడు ఆ అమ్మాయినే అడిగాను, ఏ ఇంటిపేరు పెడదామని.

"మా అమ్మమ్మ పుట్టింటి పేరు పెట్టండమ్మా. ఇక్కడ ఆ పేరు ఒక్కరూ పలకలేదు" అంది.

మలి ముద్రణ కోసం రాసిపెట్టుకున్నాను.