బొమ్మ సిపాయి దుస్తులు

లండను నగరమున రాజప్రాసాదము ముంగిట కావలి కాయు గార్డు పదాతిదళములు ఐదు. ఎఱ్ఱకోటును, ఎలుగుబంటి బొచ్చుటోపీయు ఐదింటికిని సమానమే కనుక, చూపరికి అందఱును ఒకే దళమువారని తోచుటలో వింత లేదు. కాని గ్రెనెడియర్ గార్డుల కోటుపై గుండీలు ఒక్కొక్కటిగను, కోల్డ్‌స్ట్రీమ్ గార్డులకు జంటజంటలుగను, స్కాట్స్ గార్డులకు మూడేసిగను, 1900లో ఏర్పడిన ఐరిష్ గార్డులకు నాలుగేసిగను, 1915లో ఏర్పడిన వెల్ష్ గార్డులకు ఐదేసిగను కుట్టబడియుండును. గుండీల గుంపే దళముయొక్క వరుససంఖ్య. ఇట్టి దళములలో ఒకదానిని నాలుగు సెంటీమీటర్ల యెత్తుగల ప్లాస్టిక్ బొమ్మపై చిత్రింపదలచిన రూపకర్త మొదట నేర్వవలసిన విద్య యీ గుండీల లెక్కయే. అది తప్పినచో, ఎంత మెఱుగుగా అచ్చొత్తినను ఆ బొమ్మ ఏ దళమునకును చెందని అనాథ యగును.

ఆ బొమ్మ డెన్మార్కు దేశపు లెగో సంస్థ 1978లో వెలయించిన మినీఫిగర్. 1989లో వచ్చిన సముద్రదొంగల శ్రేణిలో నీలికోటు సైనికులును, 1992లో ఎఱ్ఱకోటువారును కనిపించిరి గాని, వారు ఏ దేశపు వారో, ఏ దళమువారో చెప్పు గుర్తు లొక్కటియు లేవు. కథలోని సైనికులు, అంతే. ఆధునిక యుద్ధములను యథాతథముగా బొమ్మలలోనికి తేరాదన్నది ఆ సంస్థ పాటించు నియమము. సంస్థ విడిచిన యీ చోటనే స్వతంత్ర శిల్పులు ప్రవేశించి, వట్టి మొండెములను, కాళ్ళను, తలలను కొని, చరిత్రలోని సైన్యములను వానిపై అచ్చొత్తనారంభించిరి. ఇది పిల్లల యాట యని తీసివేయువారు దీని వంశవృక్షమును చూడలేదనుకొందును. జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణమున 1839లో ఎర్నెస్ట్ హైన్రిక్సెన్ స్థాపించిన కార్ఖానాలో పలకరాతిపై చెక్కిన అచ్చులలో తగరము పోసి తీసిన బల్లపరుపు సిపాయిలు ఇంచుమించు మూడు సెంటీమీటర్ల వారే. 1893లో ఇంగ్లండున విలియం బ్రిటన్ సీసపు బొమ్మలను బోలుగా పోత పోయు పద్ధతిని కనిపెట్టి వాని వెలను తగ్గించెను. ఆనాటి కుంచెపనివారు ఎదుర్కొన్న ప్రశ్నయే నేటి రూపకర్తయు ఎదుర్కొనుచున్నాడు: ఇంత చిన్న దేహముపై దేనిని నిలుపవలెను, దేనిని విడువవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము బొమ్మలో లేదు, యూనిఫారములోనే యున్నది. తుపాకిమందు పొగలో నాలుగు బారల దూరమున మనిషి కానరాని ఆ రణరంగములలో, తనవా డెవడో పరుడెవడో సేనానికి తెలియుటకై ఏర్పడిన వేషమది. మెడపట్టీ వన్నె, ముంజేతిమడత వన్నె, తురాయి రంగు, ఛాతిపై అడ్డముగా దాటు తెల్లని తోలుపట్టీలు, ఇవన్నియు దూరమునుండి చదువబడుటకే పుట్టినవి. దూరము వస్తువును చిన్నది చేయును. అట్లు చిన్నదై కనబడినను నిలిచియుండవలసినదిగా కల్పింపబడిన వేషము, బొమ్మపైకి వచ్చినప్పుడు తన స్వభావమునకు దూరము కాదు. కావున నేర్పరియైన రూపకర్త సూక్ష్మవివరముల వెంట పరుగిడక, ఆ దళము తన్ను తాను దేనిచే గుర్తించుకొనెనో దానిని వెదకును. నెపోలియను రక్షకదళమున గ్రెనెడియరునకును, షాస్యూరునకును బొచ్చుటోపీయే. కాని మొదటివాని టోపీముందు లోహపు ఫలకము కలదు, రెండవవానికి లేదు. మొదటివాని భుజకీర్తులు ఎఱుపు, రెండవవానివి ఆకుపచ్చయు ఎఱుపును. ఈ రెండు భేదములు దక్కినచో తక్కిన గుండీలలో నాలుగు తగ్గినను చరిత్రకు లోపము లేదు.

అన్ని దళములును ఇంత సులభముగా లొంగవు. బ్రిటిషు 44వ పదాతిదళమునకు మెడపట్టీయు ముంజేతిమడతలును పసుపుపచ్చ. 95వ రైఫిల్ దళమునకు కోటే ముదురాకుపచ్చ, పట్టీలు నలుపు. ఈ రెండును తమంత తామే పలుకును. 33వ దళమువారిది మాత్రము ఎఱ్ఱకోటుపై ఎఱ్ఱమడత! అక్కడ తెల్లని అల్లికపట్టీ యంచు గీత యొక్కటే మెడను కోటునుండి వేఱుచేయవలెను. ఆ గీత వెడల్పు వెండ్రుకవాసి హెచ్చినను తగ్గినను బొమ్మ చెడును. ఎఱుపుతోనే మఱియొక చిక్కు. సామాన్య సిపాయి కోటు మంజిష్ఠజాతి వేరుతో అద్దిన మందమైన ఎఱుపు, అధికారిది కొచినీల్ పురుగునుండి తీసిన ప్రకాశమానమైన ఎఱుపు. ఇద్దఱికిని ఒకే ప్లాస్టిక్ రంగు వాడు శిల్పులను నేను క్షమింపలేను.

మొండెముయొక్క ఆకారము వేఱొక పరీక్ష. దర్జీవాడు సైనికునకు విశాలమైన ఛాతిని, సన్నని నడుమును కల్పించెను; మినీఫిగర్ మొండెము పైన సన్నమై క్రింద వెడల్పగుచుండును. అందుచే గుండీల వరుసలను నడుమువైపు దగ్గఱగా లాగి, ప్రక్కల ముదురు నీడగీతలు గీసి, లేని నడుమును కంటికి చూపుదురు. కోటుతోకల మడతలు మొండెముపై పట్టవు కనుక కాళ్ళమీదికి దిగవలెను. వీపున సంచియు, దాని పట్టీలును ముందువైపు పట్టీలతో భుజముపై కలియకున్న బొమ్మను త్రిప్పిన క్షణముననే గుట్టు బయటపడును.

కంప్యూటరుపై గీసిన చిత్రమును బొమ్మపైకి చేర్చు మార్గములు మూడు. సన్నని పొరపై ముద్రించి నీటిలో నానబెట్టి అంటించు డెకాల్ ఒకటి. చౌక, ఒంటరి శిల్పికి అందుబాటు, అయితే గోటికి లేచును. చెక్కిన లోహఫలకమునుండి సిరాను మెత్తని సిలికాన్ దిండు ఎత్తుకొని బొమ్మపై నొత్తు ప్యాడ్ ప్రింటింగు వేఱొకటి. రంగున కొక ఫలకము కావలెను గనుక వందలకొలది బొమ్మలకే గిట్టును. అతినీలలోహిత కాంతిచే సిరా తక్షణమే గట్టిపడు ముద్రణము మూడవది. మార్గమేదైనను ముదురు ప్లాస్టిక్‌పై లేతరంగు నిలువవలెనన్న అడుగున తెల్లసిరా తప్పదు. షాకో టోపీలు, భుజకీర్తులు వేఱుగా పోతపోసి లేక త్రీడీ ప్రింటరుపై తీసి తొడిగింతురు.

మనవైపు సైనికులలో నాకు అన్నిటికంటె చేయదగినవాడుగా తోచువాడు మద్రాసు సిపాయి. ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యమున తెలుగువారు ఎందఱో యుండిరి. పదునెనిమిదవ శతాబ్దపు కడపట వాని వేషము పైన కంపెనీవారి ఎఱ్ఱకోటు, క్రింద తెల్లని పొట్టి చల్లడము, ఆపై నగ్నజంఘలు. తొడభాగము తెలుపుగను, క్రిందిభాగము చర్మవర్ణముగను రెండు ప్లాస్టిక్కులతో పోసిన కాళ్ళు దీనికి సరిపోవును. లెగో ముఖములు 2003 వఱకు పసుపుపచ్చనివే గనుక, గోధుమవన్నె ముఖము దొరకుటయు ఇటీవలి సౌకర్యమే. అసలు చిక్కు తలపై నున్నది. 1805 నవంబరున ఆ సైన్యాధిపతి సర్ జాన్ క్రెడాక్ తెచ్చిన నియమము తోలుతురాయి గల టోపీవంటి క్రొత్త తలపాగాను విధించి, నుదుటి బొట్టును, గడ్డమును నిషేధించెను. 1806 జూలై 10వ నాటి వెల్లూరు తిరుగుబాటునకు ఇది ముఖ్యకారణము, క్రెడాకును గవర్నరు బెంటింకును పదవులనుండి వెనుకకు పిలువబడిరి. కావున ఆ కాలపు సిపాయి బొమ్మకు ఆవగింజలో సగమైనను లేని నుదుటి చుక్క పెట్టుటయా, మానుటయా అన్నది అలంకారపు మాట కాదు, తేదీని నిర్ణయించు మాట. బొట్టు గల ముఖ మొకటి, లేని ముఖ మొకటి, పాత తలపాగా యొకటి, తోలుతురాయి టోపీ యొకటి చేసి నాలుగింటిని ఒకే పెట్టెలో నుంచుట ఉచితమని నా యభిప్రాయము; వేనిని తొడుగవలెనో కొన్నవాడు తేల్చుకొనును.