నునుపైన దృశ్యము: యంత్రమా, హస్తమా?

2021 మార్చిలో వెలువడిన ‘రైట్ అప్ అవర్ ఆలీ’ అను లఘుచిత్రము నిడివి సుమారు ఒకటిన్నర నిమిషము. అమెరికాలోని మినియాపొలిస్ నగరమున బ్రయంట్ లేక్ బౌల్ అను బౌలింగ్ ఆటశాలలోనికి ఒక చిన్న డ్రోను వీధి నుండి ప్రవేశించి, ఆటగాండ్ర నడుమ తిరిగి, బంతులు దొర్లు దారుల వెంబడి సాగి, పిన్నులను నిలుపు యంత్రముల వెనుకకు సైతము దూరును. నడుమ ఎక్కడను కత్తిరింపు కనబడదు. డ్రోనును నడిపినవాడు జే క్రిస్టెన్సెన్.

చూచినవారు మొదట మెచ్చుకొనునది దీని నునుపు. అది ఎచ్చటినుండి వచ్చినది?

బజారులో దొరకు ఫొటోగ్రఫీ డ్రోనులలో సాధారణముగా కెమేరా గింబల్ అను చట్రమునందుండును. డ్రోను ఒరిగినప్పుడు గైరోస్కోపు దానిని పసిగట్టును; చిన్న మోటార్లు కెమేరాను అంతే కోణము ఎదురు త్రిప్పును. ఇరుకు తావులలో ఎగురు చిన్న డ్రోనులకు గింబల్ బరువు తగదు. కావున గైరోస్కోపు నమోదును బట్టి, ప్రతి ఫ్రేమును తరువాత కంప్యూటరులో ఎదురు త్రిప్పి సరిచేయుదురు. ఇందుకు మూల్యముగా దృశ్యపు అంచులు కొంత పోవును. ఫ్రేము తీయునప్పుడే మసకబారినచో ఆ మసక మిగిలిపోవును.

ఈ రెండు ఉపాయములకును ఒకటే హద్దు. అవి కోణమును సరిదిద్దును గాని, మార్గమును సరిదిద్దలేవు. డ్రోను జానెడు ప్రక్కకు తొలగినచో దగ్గరి స్తంభము ఎక్కువగను, దూరపు గోడ తక్కువగను జరిగినట్లు కనబడును. రైలు కిటికీ ప్రక్కన కూర్చున్నవారికిది తెలిసినదే. దృశ్యమునంతను ఒక్కటిగా త్రిప్పినందున ఈ తేడా పోదు. వస్తువులన్నియు దగ్గరగానున్న గదిలో ఈ చిక్కు మరింత హెచ్చు. కావున ఈ చిత్రపు నునుపులో పెద్ద పాలు నడిపినవాని వ్రేళ్లదే. మంచి గింబల్ ఉన్నదని మీటలను ఠక్కున లాగువానికి అట్టి దృశ్యము దక్కదు.

చిత్రములో లోపము లేకపోలేదు. వినబడు మాటలు తరువాత చేర్చినవి. డ్రోను రెక్కల హోరులో అవి దొరకవు. కత్తిరింపు లేని సత్యమును కంటికి చూపిన చిత్రము చెవికి మాత్రము కూర్చిన దానిని వినిపించినది. ఈ సంగతి తెలియని ప్రేక్షకుడు రెంటిని ఒకే నిజముగా నమ్మును.

అయినను తరగతిలో దీనిని రెండుమార్లు చూపదగును. మొదటిమారు ఆశ్చర్యమునకు, రెండవమారు, దగ్గరి వస్తువునకును దూరపు గోడకును గల తేడాను కనిపెట్టుటకు.