బోరు నీళ్లతో సముద్రం

సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీళ్లలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఆ హద్దు దాటిన బోర్ల గురించి, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగిన మా తరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అంటే ఫ్లోరైడ్ విషయంలో ఇక్కడి బోర్లు కొన్ని సముద్రాన్నే మించిపోయాయి. హిందూపురంలో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవారు మొట్టమొదట తెలుసుకోవలసింది ఇదే. తమ ఇంటికొచ్చే నీళ్లు ఎక్కడివి, వాటిలో ఏముంది? చేపల సంగతి చాలా తర్వాత.

మా ఊరు సముద్రమట్టానికి ఆరు వందల మీటర్ల ఎత్తున ఉంది. తూర్పుకు పోయినా పడమటికి పోయినా అల కనబడాలంటే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైమాటే. కోస్తాలో రొయ్యల హేచరీలవాళ్లు మోటారు పెట్టి కడలి నీళ్లు తోడుకుంటారు. మాకు ఆ వసతి లేదు. సముద్రాన్ని ఇంట్లోనే కలుపుకోవాలి, లీటరుకు 35 గ్రాముల లవణాల లెక్కన.

ఈ మాట వినగానే అందరూ అడిగేది ఒకటే: రాళ్లుప్పు వేస్తే సరిపోదా, అదీ సముద్రంలోంచి వచ్చిందేగా? సరిపోదు. చినగంజాం, నౌపడ ఉప్పు కొఠార్ల పనితీరులోనే దీనికి జవాబుంది. మడిలో నీళ్లు ఎండేకొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి సరుకు, అడుక్కి దిగుతుంది. తర్వాత జిప్సం. ఆ తర్వాతే మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం మాత్రం చివర మిగిలే చేదు నీళ్లలోనే ఉండిపోతుంది. అసలు సముద్రంలో లీటరుకు కాల్షియం 400 మిల్లీగ్రాముల పైన, మెగ్నీషియం 1,300 దగ్గర ఉంటాయి. రాళ్లుప్పులో వాటి ఆనవాళ్లే మిగులుతాయి. అందుకే అక్వేరియానికని పాళ్లు కట్టి చేసిన ఉప్పు పొడి కొనాలి. ఖరీదు ఎక్కువే, కానీ ఇక్కడ పొదుపు పనికిరాదు.

అలా పాళ్లు కట్టడం సాధ్యమని మనకు ఎలా తెలిసిందో చెప్పుకోవాలి. 1872 నుంచి 1876 దాకా చాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ ప్రపంచ సముద్రాలు తిరిగి నీళ్లు పట్టుకొచ్చింది. విలియం డిట్‌మార్ అనే రసాయన శాస్త్రవేత్త వాటిలో 77 నమూనాలను పరీక్షించి, 1884లో ఫలితాలు అచ్చువేశాడు. ఒకచోట నీళ్లు చిక్కన, ఒకచోట పలచన కావచ్చు. కానీ వాటిలోని ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి దాదాపు ఎక్కడైనా ఒకటే. ఈ ఒక్క సత్యం మీదే మా ఇంట్లో గాజు తొట్టి నిలబడి ఉంది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఉప్పు సరే, నీళ్ల మాట. శ్రీశైలం కృష్ణా జలాలు హంద్రీ-నీవా కాలువలో ఒక పంపు నుంచి ఇంకో పంపుకు ఎక్కుతూ వచ్చి పెనుకొండ పక్కనున్న గొల్లపల్లి రిజర్వాయరుకు చేరతాయి. అక్కడి నుంచి పైపులో హిందూపురానికి. ఆ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు, అది నీళ్లు వడకట్టే ఆర్‌ఓ పొరను తినేస్తుంది కాబట్టి ముందు బొగ్గు ఫిల్టరు తప్పదు. బోరు నీళ్లయితే కాఠిన్యం, నైట్రేట్, సిలికా అన్నీ ఉండవచ్చు. సిలికా వల్ల కొత్త ట్యాంకులో ఇసుక మీద గోధుమరంగు పాచి పరుచుకుంటుంది. ఏ నీళ్లయినా ఆర్‌ఓ, ఆ పైన మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ దాటించి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాకే ఉప్పు కలపాలి. నీళ్లలో ఉప్పు పోయాలి గానీ ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా చేస్తే కాల్షియం, కార్బొనేట్ ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లగా అడుక్కి దిగిపోతాయి.

ఇంటి ఆర్‌ఓ మిషను ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాదొకటి. పెనుకొండ కొండ ఎక్కితే వాన నీళ్లు నిలబెట్టుకోవడానికి పాతకాలంలో కట్టిన కోనేళ్లు కనిపిస్తాయి. ఆ గడ్డ మీద ఉంటూ వదిలేసిన నీళ్లను మోరీలో పోనివ్వడం నాకు తప్పుగానే తోస్తుంది. మా ఇంట్లో అవి డ్రమ్ముకు చేరి బండలు కడగడానికి, మరుగుదొడ్డికి పోతాయి. ట్యాంకులోంచి తీసిన పాత ఉప్పు నీళ్లు మాత్రం చెట్టు మొదట్లో పోయకూడదు, మట్టి చౌడుబారుతుంది.

నీళ్ల గుణం ముందు చూడాలన్న సంగతి ధర్మవరం అద్దకం పనివాళ్లకు కొత్తేం కాదు. పట్టు దారం మీది జిగురు పోయేందుకు సబ్బు, సోడా వేసి ఉడకబెడతారు. నీళ్లలో కాఠిన్యం ఉంటే సబ్బు కాల్షియంతో కలిసి తెట్టెకట్టి దారానికే అంటుకుంటుంది. ఆ చోట రంగు సమంగా ఎక్కదు. నేనెరిగిన ఒక పెద్దాయన కొత్త చోట పనికి కూర్చుంటే, “ఏ బోరు నీళ్లు నాయనా ఇవి?” అని అడిగి గాని రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. ఆ ప్రశ్న ముందు, నేను చదివిన అక్వేరియం పాఠాలన్నీ చిన్నవే.

నీళ్లు కలిపాక వచ్చే నాలుగు నుంచి ఆరు వారాలే అసలు ఘట్టం. చేప విసర్జించేది, తినగా మిగిలి కుళ్లేది అమ్మోనియా అవుతుంది. కొత్త ట్యాంకులో దాన్ని అరిగించే బాక్టీరియా ఉండదు. ఒక జాతి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. పాలు తోడుకున్నట్టు రాత్రికి రాత్రి జరిగే పని కాదిది, అవి చాలా నిదానంగా పెరుగుతాయి. వాటికి మేతగా చిటికెడు చేపల దాణా వేసి, ఖాళీ ట్యాంకు ముందు ఓపిగ్గా కూర్చోవాలి.

ఉప్పునీళ్లలో ఈ ఓపిక ఎందుకింత అవసరమో చూడండి. అమ్మోనియాలో నిజంగా విషమైన భాగం పీహెచ్‌ను బట్టి మారుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో అది ఒక శాతం కూడా ఉండదు. సముద్రపు పీహెచ్ 8.2 దగ్గరికొస్తే ఆరేడు శాతానికి చేరుతుంది. గోల్డ్‌ఫిష్ తట్టుకున్న తప్పు ఇక్కడ చేప ప్రాణం తీస్తుంది. నైట్రైట్ విషయంలో మాత్రం సముద్రం దయగలది. నీళ్లలోని క్లోరైడ్ అడ్డుపడి దాన్ని చేప మొప్పల్లోకి అంతగా పోనివ్వదు.

బెంగళూరు దుకాణాల్లో “ఈ సీసా పోయండి, రేపే చేప వేయొచ్చు” అనేవాళ్లు ఉంటారు. సీసాలోని బాక్టీరియా కొంత తోడ్పడవచ్చు. కానీ రేపే అన్న మాటను టెస్ట్ కిట్టే ఒప్పుకోవాలి. నా కిట్టులో గొట్టం పసుపుగా ఉంటే అమ్మోనియా లేదని, ఆకుపచ్చకు తిరిగితే ఉందని. ఆ పచ్చదనం ముదిరి, మళ్లీ పలచబడి, ఒక పొద్దున శుద్ధ పసుపుగా తేలడం చూస్తే కలిగే ఆనందం చెప్పలేనిది. అప్పటికి ట్యాంకులో ఒక్క చేపా ఉండదు, అయినా ట్యాంకు బతికి ఉందని తెలుస్తుంది.

తర్వాత మా ఎండలు. ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు మిగిలిపోతుంది. వంద లీటర్లలో పది లీటర్లు ఎగిరిపోతే లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం దాదాపు 39కి చేరుతుంది. కాబట్టి తగ్గిన నీటిని ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి, ఉప్పు నీళ్లతో కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని రోజూ ఉంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయంలో కరెంటు పోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు మా దగ్గర విలాసం కాదు.

రాత్రి తలుపులన్నీ మూసి పడుకుంటే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ట్యాంకు పీహెచ్ పడిపోతుంది. తెల్లారి పీహెచ్ మీటరు చూసి కంగారుగా పీహెచ్ పెంచే మందు పోసేవాళ్లున్నారు. ముందు కిటికీ తీయండి. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో కాల్షియం అంకెల వెంట పరుగెత్తడం కూడా దండగ. వారానికోసారి పదోవంతు నీళ్లు మారిస్తే ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాచే గుణం), కాల్షియం రెండూ తమ చోట తాము నిలుస్తాయి.

కాల్షియంతో అసలు పని పగడాలకు. మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రగుర్రాలకూ చట్టరక్షణ ఉంది. ఎవరైనా చాటుగా తెచ్చిస్తామంటే వద్దనండి. బాక్టీరియా నిలవడానికని సముద్రంలోంచి పెకిలించిన పగడపు రాయీ కొనొద్దు, అది పింగాణీ రాయి మీదా చక్కగా పెరుగుతుంది.

క్లౌన్ చేపలను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు విళింజం, మండపం కేంద్రాల్లో గుడ్ల నుంచి పెంచి చూపించారు. అందుకని మొదటి చేప కొనేటప్పుడు అది పెంచిందా, సముద్రంలో పట్టిందా అని దుకాణంలో గట్టిగా అడగండి. అంతకన్నా ముందు ఒక టెస్ట్ కిట్టు, ఒక టీడీఎస్ మీటరు కొని, మీ ఇంటి కుళాయి నీళ్లు ఒక గ్లాసు పట్టి పరీక్షించండి.