విడిపోవడంలో పనితనం

దొరవారిసత్రం డాబాల మీద నిలబడి రాకెట్ చూసేవాళ్లది ఒకటే లెక్క: ఎంత పైకి పోతే అంత గొప్ప. ఆ లెక్కన 2023 అక్టోబర్ 21న శ్రీహరికోట నుంచి లేచిన టీవీ-డీ1 దేనికీ రాదు. ఒకే దశ, ఒకే వికాస్ ఇంజిన్, 35 మీటర్లకు కాస్త తక్కువ పొడవు. కక్ష్య మాట అటుంచి, దాని మీద కూర్చున్న క్రూ మాడ్యూల్, అంటే వ్యోమగాములుండే గది, వెళ్లిందే సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకు. తొమ్మిది నిమిషాలు తిరక్కుండానే బంగాళాఖాతంలో దిగింది. అయినా శ్రీహరికోట ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

గగన్‌యాన్‌లో ముగ్గురు వ్యోమగాములను 400 కిలోమీటర్ల ఎత్తున భూమి చుట్టూ తిప్పి క్షేమంగా దించాలి. మోసుకెళ్లే ఎల్వీఎం3 రాకెట్ దారిలో మొరాయిస్తే? వాళ్లున్న గదిని దాని మీద నుంచి పీకి దూరంగా తీసుకుపోవాలి. ఆ పీకుడు పని కుదురుతుందో లేదో చూడటానికే, మనుషులెవరూ లేని ఈ చిన్న రాకెట్.

పీకే మోటార్లు క్రూ మాడ్యూల్‌కు పైన ఉంటాయి. గేలం చేపను లాగినట్టు గదిని పైనుంచి లాగుతాయి. చిక్కంతా ఇక్కడే: పైనున్న మోటారు మండితే ఆ మంట పడేది కింద మనుషులున్న గది మీదే కదా! అందుకని తక్కువ ఎత్తుల్లో పనికొచ్చే మోటారుకు నాజిళ్లను తోక దగ్గర కాకుండా తల దగ్గర పెట్టారు. పైకి ఎగదన్నిన వాయువు అక్కడ మెడ తిప్పుకుని, గదికి తగలకుండా పక్కలకు వాలుగా కిందికి పోతుంది. 2022 ఆగస్టు 10న శ్రీహరికోటలోనే దీన్ని మండించి చూశారు. మండేది ఆరు సెకన్లే. పేలబోతున్న రాకెట్ నుంచి పారిపోవడానికి అంతకన్నా వ్యవధి ఎవరిస్తారు?

టీవీ-డీ1లో ఈ తప్పించే ఏర్పాటు సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనిని మించిన వేగంలో విడివడింది. తర్వాత క్రూ మాడ్యూల్ దాన్నీ వదిలించుకుంది. అక్కడి నుంచి పని పారాషూట్లది. మొత్తం పది. రెండు చిన్నవి పైమూతను లాగేస్తాయి. రెండు డ్రోగ్‌లు ఊగిసలాటను అణచి వేగం తగ్గిస్తాయి. మూడు పైలట్ పారాషూట్‌లు తలా ఒక ప్రధాన పారాషూట్‌ను బయటికి గుంజుతాయి. ప్రధానమైనవి 25 మీటర్ల వ్యాసంవి. ఒక్కసారిగా విప్పారితే ఆ కుదుపుకు గుడ్డ చిరిగిపోతుంది కాబట్టి, మొదట కొంత మేరకే తెరుచుకుని ఆ తర్వాత నిండుగా విచ్చుకుంటాయి. దించడానికి రెండు చాలు. మూడోది, ఆ రెండింటిలో ఒకటి మొండికేస్తే అని. ఆగ్రాలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల వీటిని తయారుచేసింది. రాకెట్ల గురించి రాసేవాళ్లు ఈ గుడ్డపనికి రెండు వాక్యాలు మించి ఇవ్వరెందుకో.

ఆ పొద్దున జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. వాతావరణం వల్ల ముందే ఆలస్యమైంది. ఆపైన ఇంకో 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ తనంతట తాను ప్రయోగాన్ని ఆపేసింది. చూడవచ్చినవాళ్లు ఉసూరుమన్నారు. ఎక్కడ తేడా వచ్చిందో ఇంజినీర్లు పట్టుకుని, సరిచేసి, 10 గంటలకు పంపారు. ఎగరడంతోపాటు ఎగరకుండా ఉండటం కూడా తెలిసిన యంత్రమే మనుషుల్ని ఎక్కించుకోవడానికి పనికొస్తుందని నా అభిప్రాయం. 

లోపం లేదని కాదు. నీళ్లలో పడ్డాక మాడ్యూల్ తలకిందులైంది. నౌకాదళం వాళ్లు దాన్ని అలాగే చూశారు. లోపల మనుషులుండి ఉంటే కుర్చీ పట్టీలకు తలకిందులుగా వేలాడాల్సి వచ్చేది. అసలు ప్రయాణానికి, బోర్లాపడినా తిరిగి నిటారుగా నిలబెట్టే ఏర్పాటు తప్పనిసరి.

పారాషూట్ల పరీక్షలు ఆ తర్వాతా ఆగలేదు. 2025 ఆగస్టు 24న దాదాపు అయిదు టన్నుల నమూనా మాడ్యూల్‌ను చినూక్ హెలికాప్టర్‌తో సుమారు 3 కిలోమీటర్ల పైకి ఎత్తి, శ్రీహరికోట దగ్గర సముద్రం మీద వదిలారు. ఈసారి రాకెట్టే లేదు.