కిరాతార్జునీయము – క్రియాయోగము

వ్యాసుఁడు ఇంద్రకీలమును హిమవత్ప్రాంతమునఁ జెప్పఁగా, విజయవాడ స్థలపురాణము దానిని కృష్ణాతీరమున నిలిపినది. అచ్చటి అర్జునతపస్సును శివుఁడొనర్చిన పరీక్షగా మాత్రమే వ్యాఖ్యానించుట పరిపాటి. అది చాలదు. పతంజలి క్రియాయోగమునకు తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను మూఁడంగములఁ జెప్పెను (2-1). భాష్యకారుఁడు ప్రణిధానమును ఫలసన్న్యాసముగాఁ గూడ వివరించెను.

వనవాసక్లిష్టుఁడైన అర్జునునకు తపస్సు కలదు. అస్త్రకాంక్ష మాత్రము వీడలేదు. కిరాతునితోడి పోరున అమ్ములు తఱిగినవి, గాండీవము పోయినది, పిడికిళ్లే మిగిలినవి. భారవి 18వ సర్గమున అతఁడు శత్రువును పడఁద్రోయఁ బట్టినవి శివపాదములే. పాశుపతము లభించెను గావున ఫలత్యాగ మెక్కడిదని ఆక్షేపింపవచ్చును. కాని వ్యాసభారతమున అర్జునుఁడు మొదట వేఁడినది క్షమ, పిదపనే అస్త్రము. ఆ క్రమమే ఆపద నేర్పిన జ్ఞానము.