కుందేలు తెలివి ఎవరి కోసం?

జిత్తులమారి జంతువుల కథ ఏది చెప్పినా బడిలో చివరికి మిగిలే నీతి ఒక్కటే: బలం కన్నా బుద్ధి గొప్పది. అన్ని కథలనూ ఈ ఒక్క మాటతో ముగిస్తే అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది. ఆ బుద్ధి ఎవరి కోసం పనిచేసింది?

పంచతంత్రం చూద్దాం. సింహానికి బావిలో దాని నీడనే చూపించి దూకించిన కుందేలు తన ప్రాణంతో పాటు అడవిలోని జంతువులన్నిటినీ కాపాడింది. అయితే మిత్రభేదంలో ఈ కథ చెప్పేది దమనకుడనే నక్క. పింగళక సింహానికీ సంజీవకుడనే ఎద్దుకీ మధ్య చిచ్చుపెట్టాలని చూస్తూ, తన ఎత్తుగడకు సమర్థనగా కుందేలు కథను వాడుకుంది. చివరికి ఎద్దు చచ్చింది. ప్రాణం కాపాడుకునే తెలివి కొలువు కోసం పన్నే కుట్రకు సాక్ష్యమైంది. రాజకుమారులకు చెప్పిన పుస్తకం కదా!

1697లో ఫ్రాన్సులో పెరో అచ్చువేసిన బూట్ల పిల్లి కథా ఇలాంటిదే. పిల్లి తన పేద యజమానిని ప్రభువును చేస్తుంది. అందుకోసం పొలంలో కోత కోస్తున్న కూలీల దగ్గరికి వెళ్లి, ఈ పొలం మా దొరదని చెప్పకపోతే ముక్కలు చేస్తామని బెదిరిస్తుంది. కథ అయ్యాక పిల్లి కూడా గొప్ప దొర అయిపోయింది. కూలీల సంగతి ఎవరూ అడగరు.

అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతివారి కుందేలు వేరు. తారుబొమ్మకు అతుక్కుని నక్కకు చిక్కినప్పుడు, ఏమైనా చెయ్యి గానీ ముళ్లపొదలో మాత్రం వెయ్యొద్దని బతిమాలుకుంటుంది. నక్క అక్కడే విసిరేస్తుంది. కుందేలు పుట్టి పెరిగిందే ముళ్లపొదలో! తన చోటు తనకు తెలియడమే దాని బలం. అయితే జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్ల రచయిత 1880లో ఈ కథలను పుస్తకంగా వేసినప్పుడు, ముసలి నల్లతాత తెల్లదొరల పిల్లవాడికి చెబుతున్నట్టు రాశాడు. కథ అదే, వినేవాళ్లు మారారు. దొర మీద కసి పిల్లల వినోదంగా కనిపించసాగింది.

ఆదివాసుల కథలూ ఇలాగే పరాయి చేతుల మీదుగా పుస్తకాలకెక్కాయి. బోడింగ్ అనే మతప్రచారకుడు సేకరించిన సంతాలీ కథలను బొంపాస్ అనే అధికారి 1909లో ఇంగ్లీషులో అచ్చువేయించాడు. వాటిలో నక్క గెలిచిన కథలున్నాయి, బోల్తాపడినవీ ఉన్నాయి. ఎంతటి జిత్తులమారికైనా ఎదురుదెబ్బ తగులుతుందని చెప్పుకున్నవాళ్లు లోకం తెలియనివాళ్లా? మనల్ని అమాయకులు అనేవాళ్లకు ఈ కథలే సమాధానం. ఆ మాటలో జాలి ఉన్నట్టే ఉంటుంది, మన తరఫున నిర్ణయాలు తామే చేసే హక్కూ అందులోనే దాగి ఉంటుంది.

అందుకే కోయ, గోండి, సవర, కువి భాషల్లో కథలు రాసుకుంటున్న యువతీయువకులకూ, వాటిని తరగతిలో చెప్పే ఉపాధ్యాయులకూ మా మనవి ఒకటి. కథ చివర నీతి అతికించకండి. ముసలమ్మ నవ్విన చోట మీరు సర్దిచెప్పకండి. మోసపోయిన జంతువు మాటనూ వదలకండి. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది కథతోపాటే రాయండి. ఆ తర్వాత పిల్లల్ని అడగండి: ఈ తెలివి వల్ల ఎవరు బతికారు, ఎవరు నష్టపోయారు? జవాబులు ఒక్కలా రావు. అప్పుడే కథ మీద మంచి చర్చ మొదలవుతుంది.